కొలత లేని ఫొటోతో కొత్త జంతువు పుట్టదు

సంపాదకుల వారికి నమస్కారం.

గుర్తు తెలియని నల్లపులి తిరుగుతోందనో, సింహానికీ చిరుతకూ మధ్యరకం మృగం కనిపించిందనో పత్రికల్లో ఏడాది పొడవునా ఏదో ఒక వార్త వస్తూనే ఉంటుంది. మొదటి రోజు పెద్ద ఫొటో, పైన 'శాస్త్రానికి అందని జంతువు' అన్న శీర్షిక. మూడో రోజు లోపలి పేజీలో నాలుగు లైన్లు: అది పెంపుడు పిల్లేనట. చూసిన మనిషి నలుగురిలో నవ్వులపాలవుతాడు. ఆ జంతువు ఏమిటో మాత్రం ఎవరూ తేల్చరు. ఉన్నాయో లేవో తెలియని జీవుల వెంటపడే క్రిప్టోజువాలజీలో పిల్లి జాతికి ఎప్పుడూ పెద్దపీటే. అందులో చాలా కేసులు అబద్ధాల వల్ల చెడిపోలేదు. చూసినవాళ్లు నిజంగానే ఏదో చూశారు. ఎంత దూరంలో చూశారో, అది ఎంత ఎత్తుందో ఎవరూ కొలవకపోవడం వల్లే చెడిపోయాయి. ఆ కొలత మొదటి రెండు రోజుల్లో మీ విలేకరి తీసుకోగలిగిందే. ఎలాగో చెప్పడానికే ఈ ఉత్తరం. పొడుగైనా పూర్తిగా వేయమని మనవి.

పెంపుడు పిల్లి భుజం దగ్గర సుమారు 25 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. చిరుతపులి 60 నుంచి 70 సెంటీమీటర్లు. ఇప్పుడు లెక్క చూడండి. 40 మీటర్ల దూరంలో నిలబడ్డ పిల్లి, 104 మీటర్ల దూరంలో నిలబడ్డ 65 సెంటీమీటర్ల చిరుత కంటికి ఒకే ఎత్తులో కనిపిస్తాయి. మధ్యలో చెట్టో, గేటో, కంచె రాయో ఉంటే మనసు దాన్ని బట్టి దూరం అంచనా వేస్తుంది. ఖాళీ బీడు మీద ఆ ఆసరా ఉండదు. జూమ్ చేసి తీసిన ఫొటోలో వెనకున్న గుట్టా ముందున్న జంతువూ ఒకదానికొకటి అతుక్కున్నట్టు పడి, పొరపాటు ఇంకా పెరుగుతుంది. జంతువు నల్లదైతే మరీ కష్టం. కండల వంపులు, వెంట్రుకల తీరు ఏవీ పట్టుబడవు, వట్టి నల్లటి ఆకారమే మిగులుతుంది. నల్లపులి కబుర్లు అంత ఎక్కువగా రావడానికి ఇదే పెద్ద కారణమని మా అభిప్రాయం.

దీనికి విరుగుడు ఒక మీటరు కర్ర. ప్రతి 10 సెంటీమీటర్లకూ ఎరుపు, తెలుపు పట్టీలు వేసిన కర్ర చాలు. ఫొటో తీసిన మనిషిని అదే చోట, అదే ఫోన్‌తో, అదే జూమ్‌తో నిలబెట్టాలి. ఇంకొకరు కర్ర పట్టుకుని జంతువు ఉన్న చోటికి వెళ్లి నిటారుగా నిలపాలి. పాత ఫొటోలో కదలని గుర్తులు, అంటే కొమ్మ చీలికో, స్తంభమో, బండరాయో చూసి రెండు ఫొటోలనూ ఒకదాని మీద ఒకటి సరిపెడితే ఎత్తు దానంతటదే తెలిసిపోతుంది. తప్పు జరిగేది కర్ర పెట్టే చోటులో. 40 మీటర్ల దూరంలో కర్ర రెండు మీటర్లు అటూ ఇటూ అయినా తేడా ఐదు శాతమే. 10 మీటర్ల దూరంలో అదే రెండు మీటర్లు ఇరవై శాతం తేడా తెస్తాయి. అందుకే జంతువు నిలబడిందనుకున్న చోట ఒకసారి, దానికి ముందు ఒకసారి, వెనక ఒకసారి పెట్టి మూడు ఫొటోలు తీయాలి. వచ్చిన ఎత్తును ఒకే అంకెగా కాకుండా 'ఇంత నుంచి ఇంత' అని రాయాలి. ఈ పని ఆలస్యం కాకూడదు. గడ్డి పెరిగినా, పైరు కోసినా, కొమ్మ నరికినా ఆ ఫొటో ఇక దేనికీ పనికిరాదు.

1995లో బ్రిటన్ వ్యవసాయ శాఖ, పెద్దపిల్లి తిరుగుతోందన్న పుకార్ల మీద, ఇంగ్లండ్‌లోని బాడ్మిన్ మూర్ అనే బీడు ప్రాంతంలో ఆరు నెలలు చేసిన విచారణలో ఇదే పద్ధతి వాడింది. జనం ఇచ్చిన వీడియోలు, ఫొటోలు తీసిన చోట్లకే వెళ్లి కొలకర్ర నిలబెట్టి చూస్తే, 'రాకాసి' అనుకున్నది మామూలు పిల్లి ఎత్తుకే వచ్చింది. పెద్దపిల్లి ఉందనడానికి నిర్ధారించదగ్గ ఆధారం లేదని నివేదిక చెప్పింది. లేదని రుజువు చేయడం మాత్రం తమ వల్ల కాదని కూడా నిజాయతీగా రాసింది.

కథ అక్కడితో ఆగలేదు. నివేదిక వచ్చిన కొద్ది రోజులకే అక్కడి ఫోయీ నదిలో ఒక పుర్రె దొరికింది. కింది దవడ లేదు, పైకోరలు రెండూ నిక్షేపంగా ఉన్నాయి. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం దాన్ని పరిశీలించి వయసులో ఉన్న మగ చిరుతపులి పుర్రే అని తేల్చింది. ఇక్కడిదాకా చదివి వార్త వేసేస్తే సంచలనమే. కానీ పుర్రె వెనక భాగం శుభ్రంగా కోసేసి ఉంది. తల సహా చిరుత తోలును నేల మీద పరిచే తివాచీలా తయారుచేసేవాళ్లు కోసే తీరు అది. ఎముక మీద మాంసం గీకిన కత్తి గాట్లున్నాయి. లోపల ఉష్ణమండల దేశాల బొద్దింక పెట్టిన గుడ్ల సంచి ఒకటి ఇరుక్కుని ఉంది. బ్రిటన్ వాతావరణంలో ఆ బొద్దింక బతకదు. చిరుత నిజం, కోరలు నిజం. అది చచ్చింది మాత్రం ఆ దేశంలో కాదు. పుర్రె దొరికిందన్న మాట కంటే ఆ పుర్రె వెనక భాగం ఎలా ఉందన్నదే పెద్ద వార్త.

పాదముద్రల విషయానికి వద్దాం. పిల్లి జాతి ముద్రలో మామూలుగా గోళ్ల గుర్తులు పడవు. మడమ మెత్త వెనక అంచు మూడు తమ్మెలుగా ఉంటుంది, ముందు అంచు కాస్త బల్లపరుపుగా రెండు తమ్మెలతో ఉంటుంది. నాలుగు వేళ్లూ ఒకే వరుసలో ఉండవు, మన నడివేలులాగా ఒకటి ముందుకు పొడుచుకొస్తుంది. కుక్క ముద్ర రెండు పక్కలా సమానం, గోళ్లు ముందుకు గుచ్చుకుంటాయి, వేళ్లకూ మడమకూ మధ్య గుణకారం గుర్తులాంటి ఖాళీ కనిపిస్తుంది. అయితే జారుడు బురదలో పిల్లి కూడా గోళ్లు దించుతుంది, గట్టి నేల మీద కుక్క గోళ్లు పడకపోవచ్చు. కాబట్టి గోళ్లను ఒక్కటే పట్టుకుని తీర్పు చెప్పకూడదు, మడమ వెనక అంచే నమ్మదగ్గది. సైజు చూస్తే పెంపుడు పిల్లి ముద్ర వెడల్పు మూడు, మూడున్నర సెంటీమీటర్లు, చిరుతది ఆరు నుంచి తొమ్మిది. పెద్ద కుక్కది కూడా ఆ తొమ్మిది దాకా వస్తుంది కనుక సైజు చూసి పులి అనేయడం చెల్లదు.

కొలవడంలోనూ చెయ్యి జారే చోటు ఉంది. మెత్తటి బురదలో ముద్ర గోడలు ఏటవాలుగా బయటికి విచ్చుకుంటాయి. పై అంచు నుంచి పై అంచుకు కొలిస్తే పిల్లి కాస్తా చిరుతపిల్ల అయి కూర్చుంటుంది. ముద్ర అడుగుభాగం పైకి వంగడం మొదలయ్యే గీత దగ్గరే కొలవాలి. ఒక్క ముద్రతో సరిపెట్టుకోకుండా వరుసగా కనీసం నాలుగైదు ముద్రలు, వాటి మధ్య అంగ దూరం కూడా రాసుకోవాలి. ఫొటో నిట్టనిలువుగా పై నుంచి తీయాలి. స్కేలు ముద్ర పక్కన, నేలకు ఆనించి, రెండు వైపులా ఎల్ ఆకారంలో పెట్టాలి. అగ్గిపెట్టె, చెప్పు, చెయ్యి పెట్టి తీసిన ఫొటోలు నిపుణుడికి ఎందుకూ కొరగావు.

అచ్చు తీయాలంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ రెండు పాళ్లు, నీళ్లు ఒక పాలు. ముద్ర చుట్టూ నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తున అట్టముక్కను వలయంగా నిలపాలి. నీళ్లలో పొడి మెల్లగా చల్లుతూ కలపాలి. గబగబా గిలక్కొడితే గాలి బుడగలు చేరి, సరిగ్గా మడమ అంచు దగ్గరే గుంటలు పడతాయి. కలిపినదాన్ని నేరుగా ముద్రలో గుమ్మరించకుండా, పక్కన పోసి ముద్రలోకి పారనివ్వాలి. మందం రెండు సెంటీమీటర్లకు తగ్గితే తీసేటప్పుడు విరుగుతుంది. అరగంట ఆగి ఎత్తాలి, ఒక రోజు ఆరాక గాని మట్టి బ్రష్‌తో దులపకూడదు. నీళ్లు ఎక్కువైతే అచ్చు సుద్దలా రాలిపోతుంది.

చంపిన పశువు దొరికితే వార్తలో మొదట వచ్చే మాట 'మెడ మీద కోరల గుర్తులు'. కుక్కలూ మెడ పడతాయి. కోరల మధ్య దూరం పెద్ద కుక్కకూ చిరుతకూ దాదాపు కలిసిపోతుంది. ఇంతకంటే ముఖ్యమైంది ఒకటుంది. బతికుండగా పడ్డ కాటు కింద చర్మం లోపల రక్తం గడ్డకట్టి నల్లబడుతుంది, చచ్చాక తిన్న జంతువు కాటు కింద అది ఉండదు. కాబట్టి పశువైద్యుడి చేత మెడ దగ్గర చర్మం ఒలిపించి చూడాలి. ఆ మచ్చ లేకపోతే ఆ కోరలు ఎవరివైనా సరే, పశువు చావుకి కారణం వేరే.

కాటు చుట్టూ తడిసిన వెంట్రుకల్లో లాలాజలం ఉంటుంది, అందులో డీఎన్‌ఏ ఉంటుంది. గ్లౌజులు వేసుకుని, శుద్ధి చేసిన నీటితో కాస్త తడిపిన దూదిపుల్లను కాటు అంచుల చుట్టూ దొర్లించాలి. కాటు పడని చోట నుంచి ఇంకో పుల్ల విడిగా తీయాలి, పోల్చి చూడటానికి. నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో పెడితే చెమ్మ పట్టి, బూజు చేరి డీఎన్‌ఏ ముక్కలైపోతుంది. వాన పడకముందే, కుక్కలు కళేబరాన్ని ముట్టకముందే, మొదటి రోజే తీయాలి. 2024లో ఇంగ్లండ్ లేక్ డిస్ట్రిక్ట్‌లో చచ్చిన గొర్రె మీద తీసిన నమూనాలో పాంథెరా ప్రజాతి డీఎన్‌ఏ ఉన్నట్టు వార్విక్ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో తేలింది. సింహం, పెద్దపులి, చిరుత, జాగ్వార్, మంచు చిరుత ఆ ప్రజాతివే. దాన్ని కొట్టిపారేయడం తప్పు. ఆ ఒక్క నమూనాతో అక్కడ చిరుతల సంతతి పెరుగుతోందని రాయడమూ అంతే తప్పు. మళ్లీ నమూనాలు తీయాలి, వేరే ప్రయోగశాలలో కూడా అదే రావాలి.

రంగు గురించి పత్రికల్లో ఎప్పుడూ దొర్లే పొరపాటు ఒకటుంది. నల్లచిరుత వేరే జాతి కాదు. చిరుతలో నలుపు అణగి ఉండే లక్షణం, తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే పిల్ల నల్లగా పుడుతుంది. జాగ్వార్‌లో ఒక్కరి నుంచి వచ్చినా చాలు. అమెరికా ఖండాల్లో ఉండే పెద్ద అడవిపిల్లి ప్యూమా మాత్రం నల్లగా ఉన్నట్టు ఇంతవరకూ ఎక్కడా నిర్ధారణ కాలేదు, కాబట్టి 'నల్ల ప్యూమా' అన్న మాట వార్తలో కనిపిస్తే అక్కడే ఆగి ప్రశ్నించాలి. మలేషియా ద్వీపకల్పంలో చిరుతలన్నీ దాదాపు నల్లవే. ఒకదాన్నించి ఇంకోదాన్ని గుర్తుపట్టే దారి లేక పరిశోధకులు, జంతువు దాటగానే తమంతట తామే ఫొటో తీసే ట్రాప్ కెమెరాలు పగలు కూడా ఇన్‌ఫ్రారెడ్ వెలుతురులోనే తీసేలా మార్చారు. ఆ వెలుతురులో నల్లటి ఒంటి మీద మచ్చలు స్పష్టంగా తేలాయి. నల్లపులి వీడియో దొరికితే ముందు ఆ మచ్చల కోసం వెతకాలి.

చారలు, మచ్చలు కలిసిపోయిన మృగాల కథ ఇంకా ఆసక్తికరం. 1926లో నేటి జింబాబ్వేలో వీపు పొడుగునా నల్లటి పట్టీలున్న చీతా తోలు బయటపడింది. చిరుతకూ చీతాకూ పుట్టిందని కొందరన్నారు. 1927లో పోకాక్ అనే జంతుశాస్త్రజ్ఞుడు దాన్ని కొత్త జాతిగా ప్రకటించి, 1939లో ఆధారం చాలదని తనే వెనక్కి తీసుకున్నాడు. తేలింది 1981లో. దక్షిణాఫ్రికాలోని డీ విల్ట్ చీతా కేంద్రంలో మామూలు మచ్చల చీతాలకే ఈ 'రాజ చీతా' పిల్లలు పుట్టాయి. 2012లో దీనికి కారణమైన జన్యువు టాక్‌పెప్ అని గుర్తించారు. పెంపుడు పిల్లుల్లో సన్నచారల బదులు వెడల్పాటి సుడుల మచ్చలు తెచ్చేదీ అదే. 2021లో ఒడిశా సిమ్లీపాల్ అడవిలోని నల్లపులుల మీద జరిగిన పరిశోధనలోనూ అదే జన్యువు బయటపడింది. అక్కడి పెద్దపులుల చారలు వెడల్పై ఒకదాన్లో ఒకటి కలిసిపోయి నల్లగా కనిపించడానికి అందులోని ఒకే ఒక్క డీఎన్‌ఏ అక్షరం మార్పు కారణం. చిన్న గుంపుగా విడిపోయి తమలో తామే జతకట్టడం వల్ల అది అక్కడ పెరిగింది. యాభై ఏళ్లకు పైగా వివాదంలో నలిగిన రాజ చీతా ప్రశ్న డీ విల్ట్‌లో ఆ పిల్లలు పుట్టడంతో తీరిపోయిందంటే, తోలు చూసి జాతి నిర్ణయించడం ఎంత ప్రమాదమో తెలుస్తుంది.

స్కాట్లండ్‌లో 1984లో దొరికిన నల్లటి కెలాస్ పిల్లి అడవిపిల్లికీ పెంపుడు పిల్లికీ పుట్టిన సంకరమని తేలింది. మెక్సికోలో శతాబ్దాలుగా చెప్పుకుంటున్న 'ఓన్సా' అనే పెద్దపిల్లి ఇదేనంటూ 1986లో సినలోవాలో కాల్చిన జంతువు పరీక్షలో మామూలు ప్యూమా అయింది. సంకరాల దగ్గర ఒక హెచ్చరిక: మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచే వస్తుంది. ఆ ఒక్క పరీక్షే చేయిస్తే తండ్రి జాతి కనిపించదు, సంకరం కాస్తా స్వచ్ఛమైన జాతిగా నమోదవుతుంది. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వచ్చే కేంద్రక డీఎన్‌ఏ కావాలి, దానికి వెంట్రుక కుదురుతో సహా రావాలి. కత్తెరతో కత్తిరించిన వెంట్రుక పంపి ఫలితం సరిగ్గా రాలేదనడం న్యాయం కాదు.

ఇన్ని కాదన్నవాటి మధ్య అవునన్నవీ ఉన్నాయి, మేమింత పట్టుబట్టేది అందుకే. జపాన్‌లో ఇరియోమోతే దీవి వైశాల్యం 284 చదరపు కిలోమీటర్లే. అక్కడి జనానికి ఎప్పటి నుంచో తెలిసిన పిల్లిని 1965లో తోళ్లు, పుర్రెలు సేకరించి పంపితే గాని శాస్త్రం పట్టించుకోలేదు. 1967లో పేరు పెట్టారు. మొదట వేరే ప్రజాతి అన్నారు, తర్వాత చిరుతపిల్లి (లెపర్డ్ క్యాట్ అనే చిన్న అడవిపిల్లి) ఉపజాతిగా స్థిరపరిచారు. కోర్సికాలో గొర్రెల కాపరులు చెప్పుకునే 'పిల్లి నక్క' 2008లో ఒక కోళ్లగూట్లో పట్టుబడింది. అక్కడి అధికారులు చేసిన పని చూడండి. పిల్లులకు ఇష్టమైన వాసన పూసిన కర్రలు అడవిలో పాతారు. అవి వచ్చి ఒళ్లు రుద్దుకుంటే అంటుకున్న వెంట్రుకల నుంచి డీఎన్‌ఏ తీశారు. తర్వాత పట్టి, పరీక్షించి వదిలారు. తల నుంచి తోక చివరి దాకా 90 సెంటీమీటర్లు, తోకకు నల్ల ఉంగరాలు, చివర నల్లకొస. జన్యుపరంగా అది వేరేనని 2023లో ప్రకటించారు. కోళ్లగూటి నుంచి ఆ ప్రకటన దాకా పదిహేనేళ్లు పట్టింది.

జంతువు నిజమైనదైతే ఆనవాళ్లు వదలకుండా తిరగదనడానికి అమెరికాలో 2011 జూన్‌లో కనెక్టికట్ రోడ్డు మీద కారు గుద్ది చచ్చిన మగ ప్యూమాను మించిన ఉదాహరణ లేదు. దాని డీఎన్‌ఏ దక్షిణ డకోటాలోని బ్లాక్ హిల్స్ ప్యూమాలతో కలిసింది. అంతకు ఏడాది, ఏడాదిన్నర ముందు మినెసోటా, విస్కాన్సిన్‌లలో సేకరించిన మలం, వెంట్రుకలు ఇదే జంతువువని కూడా తేలింది. 2,400 కిలోమీటర్లు పైగా నడిచిన ఒంటరి మృగం దారిపొడుగునా ఎక్కడో ఒకచోట చేతికి చిక్కింది. ఇంకో సంభావ్యతా ఉంది: పెంచి వదిలేసిన జంతువులు. బ్రిటన్‌లో 1976లో ప్రమాదకర జంతువులకు లైసెన్సు తప్పనిసరి చేశాక కొందరు యజమానులు వాటిని వదిలేశారని చెబుతారు. 1980లో స్కాట్లండ్‌లో బోనులో పడ్డ ఆడ ప్యూమా మనుషులకు అలవాటు పడి మచ్చికగా ఉంది. చూసినవాళ్లు చెప్పింది అక్షరాలా నిజం, అయినా కొత్త జాతి లేదు.

ఇక మీ డెస్క్ చేయగలిగినవి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిన ఫొటో తీసుకోకండి. అందులో ఫైల్ వివరాలు ఊడిపోతాయి, సైజు కుదించుకుపోతుంది. తీసిన మనిషి నుంచే అసలు ఫైల్ తెప్పించండి, వాట్సాప్‌లోనే పంపాల్సొస్తే డాక్యుమెంట్‌గా పంపించమనండి. ట్రాప్ కెమెరా అయితే ఒక్క ఫొటో కాదు, మెమరీ కార్డు మొత్తం అడగండి. కృత్రిమ మేధతో ఒక్క బొమ్మ పుట్టించడం తేలిక. వరుస నంబర్లతో, అదే పొదలో ముందు రోజు కుందేలూ తర్వాతి రోజు కుక్కా ఉన్న కార్డును పుట్టించడం అంత తేలిక కాదు. పైగా ఆ కుందేలే మనకు కొలతకర్ర అవుతుంది. కెమెరాను నేలకు 40, 50 సెంటీమీటర్ల ఎత్తున, దారికి మూడు నాలుగు మీటర్ల దూరంలో కట్టాలి, ముందున్న గడ్డి కోసేయాలి. మచ్చలు కుడి పక్కా ఎడమ పక్కా ఒకేలా ఉండవు కాబట్టి దారికి రెండు వైపులా కెమెరాలు ఉండాలి, ఒకదాని ఫ్లాష్ ఇంకోదాని కంట్లో పడకుండా కాస్త ఎడంగా. వేడి మధ్యాహ్నం నేల కూడా ఒంటి వేడికి చేరుతుంది కాబట్టి ఒంటి వేడిని పసిగట్టే సెన్సర్ పనిచేయక జంతువు దాటిపోవచ్చు.

చూసినవాళ్లను అడిగేటప్పుడు 'చిరుతలా ఉందా' అని నోటికి మాట అందించవద్దు. చెవులు గుండ్రమా, మొనదేలాయా? తోక ఒంటిలో ఎంత పొడుగు? వెలుతురులో కంటిపాప గుండ్రంగా ఉందా, నిలువు గీతలా ఉందా? చివరిది దగ్గర ఫొటోలో బాగా పనికొస్తుంది. పెంపుడు పిల్లిది నిలువు గీత, చిరుతది గుండ్రం. రాత్రి కళ్లు మెరిశాయన్నది ఏ గుర్తూ కాదు, ఆవు కళ్లూ మెరుస్తాయి. మడమ వెనక అంచు మూడు తమ్మెలుగా ఉన్న ఆరు నుంచి తొమ్మిది సెంటీమీటర్ల ముద్రల్లాంటి బలమైన ఆనవాళ్లుంటే ముందు అటవీ అధికారులకు చెప్పండి. ఆ చోటు పేరు పత్రికలో రాయకండి. జనం గుంపులుగా వెళ్తే ముద్రలు చెరిగిపోతాయి, జంతువు నిజమైతే ఎవరికో ఒకరికి గాయమవుతుంది.

ప్రయోగశాల ఫలితానికి వారాలు పడుతుంది. నమూనా ఎక్కడికి, ఏ తేదీన పంపారో మొదటి వార్తలోనే రాయండి. ఫలితం వచ్చాక, అది పిల్లి అయినా కుక్క అయినా, మొదటి వార్త వేసిన పేజీలోనే, అంతే సైజులో, కర్ర నిలబెట్టి తీసిన ఫొటోతో కలిపి వేయండి.

భవదీయులు,
వన్యప్రాణుల ఆనవాళ్లు పరిశీలించే కొందరు పాఠకులు